కొత్త వైరస్‌కు పాత మందు: వెదకడానికి డాకింగ్ మేలా, నాలెడ్జ్ గ్రాఫ్ మేలా?

కొత్త వైరస్ విజృంభించినప్పుడు కొత్త మందు కోసం ఏళ్ల తరబడి ఆగే వ్యవధి ఉండదు. అందువల్ల ఇతర జబ్బులకు ఇప్పటికే వాడుతున్న, మోతాదూ దుష్ప్రభావాలూ తెలిసిన మందుల్లో పనికివచ్చేది ఉందేమోనని వెదుకుతారు. కోవిడ్ కాలంలో ఈ వడపోతకు పరిశోధకులు కంప్యూటర్‌ను విరివిగా వాడారు. వారు అనుసరించిన దారుల్లో రెండింటిని పోల్చి చూడడం అవసరం.

మొదటిది డాకింగ్. వైరస్ ప్రోటీన్ త్రిమితీయ నిర్మాణాన్ని తీసుకొని, దానిమీది గుంటల్లో ఒక్కొక్క మందు అణువు ఎంత బిగువుగా ఇముడుతుందో లెక్కగట్టి స్కోరు ఇస్తారు. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు సమ్మిట్ సూపర్ కంప్యూటర్ సాయంతో 8,000కు పైగా అణువులను, కోవిడ్ వైరస్ కణానికి అతుక్కోవడానికి వాడే స్పైక్ ప్రోటీన్‌తో సరిచూసి, 2020 ఆరంభంలోనే 77 అణువులను వేరుచేశారు. ఈ పద్ధతికి వేగమే పెద్ద బలం. అయితే ప్రోటీన్ కదలికలనూ, చుట్టూ ఉండే నీటి ప్రభావాన్నీ ఈ లెక్క స్థూలంగానే పట్టుకోగలదు. అంతకన్నా పెద్ద లోటు మరొకటి ఉంది: అణువు గుంటలో ఇమిడినా, రోగి తట్టుకోగల మోతాదులో అది రక్తంలో చాలినంత గాఢతకు చేరుతుందో లేదో స్కోరు చెప్పదు.

రెండవది నాలెడ్జ్ గ్రాఫ్. జన్యువులు, ప్రోటీన్లు, మందులు, వ్యాధుల మధ్య సంబంధాలను పరిశోధన పత్రాల నుంచీ డేటాబేస్‌ల నుంచీ రాబట్టి, ఒక పెద్ద అల్లికగా కూర్చి, అందులో దారులు వెదుకుతారు. లండన్‌కు చెందిన బెనెవొలెంట్ ఏఐ సంస్థ పరిశోధకులు 2020 ఫిబ్రవరిలో లాన్సెట్ పత్రికలో ప్రకటించిన ఫలితం ఈ పద్ధతికి మంచి నిదర్శనం. వైరస్ కణంలోకి చొరబడడానికి తోడ్పడే ఏఏకే1 ఎంజైమును అడ్డగించే మందులను వారు వెదికారు. సునిటినిబ్, ఎర్లోటినిబ్ అనే క్యాన్సర్ మందులు కూడా కనిపించాయి కానీ, వాటికి కావలసిన మోతాదు ఎక్కువ, దుష్ప్రభావాలు తీవ్రం. కీళ్లవాతానికి వాడే బారిసిటినిబ్ మాత్రం సాధారణ మోతాదులోనే తగిన గాఢతకు చేరగలదనీ, పైగా శరీరంలో వాపును (ఇన్‌ఫ్లమేషన్‌ను) రేపే జేఏకే ఎంజైములను అణచి దాన్ని తగ్గించగలదనీ వారు చూపారు. ఇలా మోతాదును ముందే లెక్కలోకి తీసుకోవడమే ఈ ఎంపికకు బలమని నా అభిప్రాయం.

ఆ అంచనాను తర్వాత రోగులపై పరీక్షించారు. 1,525 మంది పాల్గొన్న కోవ్-బారియర్ ట్రయల్‌లో వ్యాధి ముదరడాన్ని ఆపడమనే ప్రధాన లక్ష్యం గణాంకపరంగా నెరవేరలేదు కానీ, 28 రోజుల్లో మరణాలు 13 శాతం నుంచి 8 శాతానికి తగ్గాయి. 8,156 మందితో బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్‌లో మరణాలు ఈ మందు తీసుకోనివారిలో 14 శాతం, తీసుకున్నవారిలో 12 శాతంగా ఉన్నాయి. 2021 మే నెలలో హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మా ఈ మందుకు భారత్‌లో అత్యవసర అనుమతి పొందింది. ఇక్కడొక విషయం దాచకూడదు: ఈ మేలు చాలావరకు వాపును తగ్గించడం వల్ల కలిగిందే తప్ప, వైరస్ ప్రవేశాన్ని ఆపడం వల్ల కలిగిందని నిర్ధారణ కాలేదు. వాపునే తగ్గించే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఏ అల్గారిథమూ లేకుండానే, వైద్యుల తర్కంతో ట్రయల్‌కు వెళ్లి, వెంటిలేటర్‌పై ఉన్న రోగుల మరణాలను మూడో వంతు తగ్గించిందని కూడా గుర్తుంచుకోవాలి.

ఏ పద్ధతిలో ఎంచుకున్నా తర్వాతి మెట్టయిన కణాల పరీక్ష కూడా మోసగించగలదు. మలేరియా మందు హైడ్రాక్సీక్లోరోక్విన్, గుండె లయ మందు అమియోడరోన్ వంటి ఎన్నో మందులు కణాల్లో ఫాస్ఫోలిపిడ్లు అనే కొవ్వు పదార్థాలు పేరుకుపోయేలా చేయడం వల్లనే వైరస్‌ను ఆపుతున్నట్టు కనిపించాయని 2021లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. రికవరీ ట్రయల్‌లో హైడ్రాక్సీక్లోరోక్విన్ తీసుకున్నవారిలో 27 శాతం, తీసుకోనివారిలో 25 శాతం మరణించారు.

కనుక మార్కెట్లో ఉన్న మందుల్లో ఒకదాన్ని ఎన్నుకోవడమే పని అయినప్పుడు నేను నాలెడ్జ్ గ్రాఫ్‌కే ముందుచోటు ఇస్తాను. డాకింగ్‌ను ఆ జాబితాను సరిచూసే సాధనంగా ఉంచుతాను. కానీ గ్రాఫ్‌కు తెలిసేది ఇతరులు పరిశోధించి రాసినంత మేరకే. కర్ణాటకలోని క్యాసనూర్ అటవీ వ్యాధి (పిడుదుల ద్వారా సోకే వైరస్ జ్వరం) వంటి, పరిశోధన సాహిత్యం పలుచగా ఉన్న వ్యాధుల్లో ఆ అల్లికలో దారులే తక్కువ. అటువంటిచోట ప్రోటీన్ నిర్మాణం, అది లేకపోతే కంప్యూటర్ ఊహించిన నమూనా ఆధారంగా డాకింగ్‌తో మొదలుపెట్టి, తేలిన మందులన్నిటినీ రక్తంలో అవి చేరగల గాఢతతో వడపోసిన తర్వాతే ప్రయోగశాలకు పంపాలి.