ఉన్న చోటికా, సొంత గడ్డకా?

ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రాల మధ్య రగ్బీ లీగ్ పోటీ 1908 నుంచే ఉంది. కానీ 1980కి ముందూ తర్వాతా చూస్తే రెండూ ఒకే పోటీ అనిపించవు.

పాత పద్ధతిలో, ఆటగాడు ఏ రాష్ట్రపు క్లబ్బులో ఉంటే ఆ రాష్ట్రానికే ఆడాలి. న్యూ సౌత్ వేల్స్‌లోని సిడ్నీ క్లబ్బులకు జూదపు యంత్రాల మీద డబ్బు దండిగా వచ్చేది. క్వీన్స్‌లాండ్‌లో కాస్త మెరిసిన కుర్రాణ్ణి ఎగరేసుకుపోయేవి. అతనే తిరిగొచ్చి సొంతవాళ్లను ఓడించేవాడు! గెలిచేదెవరో ముందే తెలిశాక జనం టికెట్ కొనుక్కుని ఎందుకొస్తారు?

కొత్త పద్ధతిలో, ఏ క్లబ్బులో ఉన్నా సొంత రాష్ట్రానికే ఆడాలి. 1980 జులై 8న బ్రిస్బేన్‌లోని లాంగ్ పార్క్‌లో దీన్ని తొలిసారి పరీక్షించారు. ఒకప్పుడు న్యూ సౌత్ వేల్స్ చొక్కా వేసుకున్న ఆర్థర్ బీట్సన్, 35 ఏళ్ల వయసులో క్వీన్స్‌లాండ్ కెప్టెన్‌గా దిగాడు. తన పరమట్టా క్లబ్బు సహచరుడు మిక్ క్రోనిన్ మీదికే దూకాడు. అదే రోజు 20 ఏళ్లు నిండిన మాల్ మెనింగా ఏడు గోల్స్ (ఒక్కోటి రెండు పాయింట్లు) కొట్టాడు. స్కోరు 20-10, గెలుపు క్వీన్స్‌లాండ్‌ది.

1982 నుంచి ఏటా సిరీస్‌లోని మూడు మ్యాచ్‌లూ ఈ లెక్కనే. నా ఓటు కొత్తదానికే. అయితే ఇందులోనూ ఏకపక్షం తప్పలేదు: 2006 నుంచి 2013 దాకా వరుసగా ఎనిమిది సిరీస్‌లు క్వీన్స్‌లాండే పట్టుకుపోయింది.