టాలీప్రైమ్ లైసెన్సు ఎవరి మెయిలు మీద ఉంది?

తూర్పు, పశ్చిమ గోదావరి, కోనసీమ జిల్లాల్లో ధాన్యం మిల్లు మొదలుకొని రొయ్యల మేత డీలరు, అంబాజీపేట కొబ్బరి వర్తకుడు, కడియం నర్సరీ దాకా లెక్కలు ఎక్కువగా టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేరులోనే నడుస్తాయి. ఎంట్రీలు కొట్టడం, జీఎస్టీ రిపోర్టులు తీయడం మన గుమస్తాలకి వెన్నతో పెట్టిన విద్య. లైసెన్సు దగ్గరికొచ్చేసరికి మాత్రం "డీలరు చూసుకుంటాడులే" అని వదిలేస్తారు. తెల్లారితే పదకొండో తారీఖు, జీఎస్టీఆర్-1 (నెల అమ్మకాల జీఎస్టీ రిటర్ను) వెయ్యాలి అనగా కంప్యూటరు పాడైతే అదే మెడకి చుట్టుకుంటుంది. ఈ సమీక్షలో చూసేది టాలీప్రైమ్ లైసెన్సు ఏర్పాటు ఒక్కటే: కొనడం, ఎక్కించడం, కంప్యూటరు మార్చడం, రెన్యువలు. ముందే చెప్పేస్తాం, ఏర్పాటు బాగుంది. మిషను కాలిపోయినా లైసెన్సు మీ ఖాతాలో భద్రంగా ఉంటుంది. కాకపోతే ఆ ఖాతా తాళం మొత్తం ఒక్క మెయిలు ఐడీలో ఉంది.

మొదట కొనుగోలు సంగతి. సిల్వర్ అంటే ఒక కంప్యూటరు, ఒక మనిషి. ధర 22,500 రూపాయలు, మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 26,550. గోల్డ్ అంటే ఒకే చోట, ఒకే లాన్ (ఆఫీసు కంప్యూటర్లని కలిపే నెట్‌వర్కు) మీద ఎన్ని కంప్యూటర్లయినా. అది 67,500, పన్నుతో 79,650. కాటా గదిలో ఒకరు, ఆఫీసులో ఇద్దరు ఒకేసారి టాలీ తెరవాల్సిన మిల్లుకి గోల్డ్ తప్పదు. ఒక్క గుమస్తా ఉన్న మేత దుకాణానికి సిల్వర్ చాలు. తణుకులో మిల్లు, పక్క ఊళ్లో గోడౌను ఉండి రెండుచోట్లా టాలీ కావాలంటే మాత్రం ఒక్క గోల్డ్ లాన్ అంతదూరం పోదు. కొనేముందే ఆ మాట డీలరుతో తేల్చుకోండి.

అద్దె లైసెన్సు కూడా ఉంది. సిల్వర్‌కి నెలకి 750, మీద జీఎస్టీ. కొంటే మొదటి ఏడాది టీఎస్ఎస్, అంటే అప్‌డేట్ల చందా, దాంతోపాటే వస్తుంది. రెండో ఏడాది నుంచి 4,500. పన్ను పక్కన పెట్టి లెక్కేయండి. నాలుగేళ్లకి కొన్నవాడికి 36,000 అవుతుంది, అద్దెకి తీసుకున్నవాడికీ 36,000 అవుతుంది. అయిదో ఏడు నుంచి కొన్నవాడికి ఏటా 4,500, అద్దెవాడికి 9,000. నిలకడగా వ్యాపారం చేసేవాళ్లకి కొనుక్కోవడమే మేలు. ఏడాదిలో ఆరు నెలలే లెక్కలు రాసే కమీషను వ్యాపారానికి అద్దె నయం. అద్దె అయిపోతే లైసెన్సు పోతుందే గానీ డేటా ఎక్కడికీ పోదు. టాలీ ఎడ్యుకేషనల్ మోడ్‌లోకి వెళ్తుంది. అప్పుడు నెలలో ఒకటి, రెండు, ముప్పై ఒకటి తారీఖులకే ఎంట్రీ పడుతుంది. ధరలు అప్పుడప్పుడు పెంచుతుంటారు, కొనే రోజున కంపెనీ సైటులో సరిచూసుకోండి.

ఇక ఎక్కించడం. కొన్నప్పుడు సీరియల్ నంబరు, యాక్టివేషన్ కీ చేతికొస్తాయి. టాలీ తెరిచి ఎఫ్1 నొక్కి, సెట్టింగ్స్‌లో లైసెన్స్, అందులో కొత్త లైసెన్సు యాక్టివేషను. సీరియల్ నంబరు, కీ, అడ్మినిస్ట్రేటర్ మెయిలు ఐడీ కొడితే ఆ మెయిలుకి, రిజిస్టరు చేసిన మొబైలుకి అన్‌లాక్ కీ వస్తుంది. అది కొడితే పని అయిపోయినట్టే. నెట్ సరిగ్గా ఉంటే పది నిమిషాల పని.

ఆ మెయిలు గడి దగ్గరే ఆగి ఆలోచించాలి. డీలరు కుర్రాడు తొందరలో తన మెయిలు కొట్టేస్తాడు, లేదా అప్పుడు పనిచేస్తున్న గుమస్తా సొంత జీమెయిలు ఇస్తారు. గుమస్తా రెండేళ్ల తరవాత వేరే మిల్లుకి వెళ్లిపోతాడు, ఫోను నంబరు మారుస్తాడు. అప్పటిదాకా ఏ ఇబ్బందీ కనపడదు, రోజూ టాలీ తెరుచుకుంటూనే ఉంటుంది. హార్డ్‌డిస్కు పోయిన రోజున రీయాక్టివేషనుకి, అంటే ఉన్న లైసెన్సుని మళ్లీ ఎక్కించుకోవడానికి, మెయిలు, పాస్‌వర్డు అడుగుతుంది, అన్‌లాక్ కీ ఆ పాత గుమస్తా ఇన్‌బాక్సులో పడుతుంది. కొన్న బిల్లు, సంస్థ కాగితాలు చూపించి సపోర్టు ద్వారా అడ్మినిస్ట్రేటర్‌ని మార్పించుకోవచ్చు గానీ, దానికి టైము పడుతుంది, ఆ టైము మీ దగ్గర ఉండదు. అందుకని సంస్థ పేరు మీద ఒక మెయిలు తెరిచి, దానికి యజమాని ఫోను జతచేసి, అదే ఇవ్వండి. ఇప్పటికే నడుస్తున్న లైసెన్సయితే ఈరోజే ఆ మెయిలుతో టాలీ కస్టమర్ పోర్టల్లోకి లాగిన్ అయి చూడండి. మీ సీరియల్ నంబరు అక్కడ కనపడితే లైసెన్సు మీ చేతిలో ఉన్నట్టు. పాస్‌వర్డు గుర్తులేకపోతే రీసెట్ లింకు ఆ మెయిలుకే వస్తుంది. లింకు తెరవగలిగినవాడే యజమాని అనుకోండి.

ఇక్కడ మూడు పాస్‌వర్డులు కలగాపులగం అవుతుంటాయి. టాలీ డాట్ నెట్ ఐడీ (అంటే ఆ అడ్మినిస్ట్రేటర్ మెయిలు ఐడీయే) పాస్‌వర్డు లైసెన్సుకి. కంపెనీ యూజరు పాస్‌వర్డు టాలీలో కంపెనీ, అంటే మీ వ్యాపారం లెక్కల పుస్తకం, తెరవడానికి. టాలీవాల్ట్ పాస్‌వర్డు డేటాకి వేసే తాళం. మొదటిది మర్చిపోతే మెయిలుతో తెచ్చుకోవచ్చు. టాలీవాల్ట్ పాస్‌వర్డు పోతే ఆ డేటా ఇక తెరుచుకోదు, డీలరు కాదు గదా టాలీ కంపెనీవాళ్లు కూడా తెరవలేరు. దాన్ని కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

ఎక్కువమంది దెబ్బతినేది సరెండర్ దగ్గర, అంటే పాత మిషను నుంచి లైసెన్సుని విడిపించే దగ్గర. లైసెన్సు ఆ కంప్యూటరు హార్డ్‌వేరుకి కట్టుబడి ఉంటుంది. విండోస్ ఫార్మాట్ కొట్టినా, పాత హార్డ్‌డిస్కు తీసి ఎస్ఎస్‌డీ వేసినా, మదర్‌బోర్డు మార్చినా టాలీ దాన్ని కొత్త మిషనుగా చూస్తుంది. కాబట్టి మెకానిక్ స్క్రూడ్రైవరు తియ్యకముందే రెండు పనులు చెయ్యాలి. ఒకటి, ఆల్ట్ వై నొక్కి బ్యాకప్ తీసి పెన్‌డ్రైవులోకి, వీలైతే ఇంకో చోటికి కూడా ఎక్కించడం. రెండు, ఎఫ్1, సెట్టింగ్స్, లైసెన్స్, సరెండర్. మెయిలు, పాస్‌వర్డు అడుగుతుంది, నెట్ ఉండాలి. అయ్యాక టాలీ మూసి మళ్లీ తెరవండి. ఎడ్యుకేషనల్ మోడ్ అని చూపిస్తే సరెండర్ నిజంగా జరిగినట్టు. చూపించకపోతే ఫార్మాట్ ఆపండి. కొత్త మిషనులో టాలీ ఎక్కించి, ఉన్న లైసెన్సుని రీయాక్టివేట్ చేసుకోవడమే మిగిలింది.

సరెండర్ చేస్తే డేటా పోతుందని కొందరు భయపడి మానేస్తారు. లైసెన్సు వేరు, డేటా వేరు. డేటా పోయేది ఫార్మాట్‌తో. డేటా ఫోల్డరు మామూలుగా సి డ్రైవులో ఉంటుంది, మెకానిక్ మొదట తుడిచేదీ ఆ డ్రైవే. గోదావరికి వరద వచ్చి లంకల్లో, ఏటిగట్టు కిందున్న ఊళ్లలో కంప్యూటరు మేడ మీదికి ఎక్కించినప్పుడు సరెండర్ అక్కర్లేదు. చోటు మారితే లైసెన్సుకి ఏం కాదు. బ్యాకప్ మాత్రం తియ్యండి.

సరెండర్ చెయ్యకముందే డిస్కు చచ్చిపోతే? కొత్త మిషనులో అదే రీయాక్టివేషను ప్రయత్నించండి. పాతచోట ఇంకా యాక్టివ్‌గా ఉందని ఒప్పుకోకపోతే డీలరు ద్వారా గానీ, నేరుగా గానీ కంపెనీ సపోర్టుని అడిగి ఆ లైసెన్సుని రీసెట్ చేయించుకోవాలి. సీరియల్ నంబరు చేతిలో ఉంటే మాట త్వరగా తెగుతుంది. కాబట్టి ఎఫ్1 కింద అబౌట్ తెర తెరిచి ఒక ఫొటో తీసి యజమాని ఫోనులో పెట్టుకోండి. సీరియల్ నంబరు, ఎడిషను, రిలీజు (టాలీ వెర్షను), టీఎస్ఎస్ గడువు అన్నీ ఆ ఒక్క తెరలో ఉంటాయి. ఒకప్పటి టాలీకి డాంగిల్ ఉండేది, కంప్యూటరు వెనక గుచ్చేవాళ్లం. అది విరిగినా పోయినా గొడవే. ఇప్పటి పద్ధతి దానికంటే ఎంతో నయం.

గోల్డ్ తీసుకున్నవాళ్లకి ఇంకో మెట్టు ఉంది. లైసెన్సు ఒక్క మిషనులోనే ఎక్కుతుంది, మిగతావి లాన్ మీద దాని దగ్గర తెచ్చుకుంటాయి. ఆ మిషనులో టాలీ గేట్‌వే సర్వర్ అనే విండోస్ సర్వీసు (వెనకాల నడిచే ప్రోగ్రాము) నడుస్తుంది, దాని పోర్టు, అంటే తలుపు నంబరు, 9999. మిగతా కంప్యూటర్లలో టాలీ తెరిచినప్పుడు నెట్‌వర్కు నుంచి లైసెన్సు వాడుకునే దారి ఎంచుకుని, ఆ మిషను పేరు, పోర్టు కొట్టాలి. ఇక్కడ ఐపీ అంకెలు (నెట్‌వర్కులో ఆ మిషను చిరునామా) కొట్టి వదిలేస్తే తరవాత చిక్కు: కరెంటు పోయి రౌటరు మళ్లీ లేచినప్పుడు ఆ మిషనుకి వేరే ఐపీ ఇవ్వొచ్చు, అప్పుడు కాటా గదిలో టాలీ ఎడ్యుకేషనల్ అంటుంది. మిషను పేరే వాడండి, లేదా రౌటరులో ఆ మిషనుకి ఐపీ స్థిరంగా కట్టెయ్యండి. సర్వీసు స్టార్టప్ ఆటోమేటిక్ మీద ఉందో లేదో చూడండి. యాంటీవైరస్ మార్చిన మర్నాడు లైసెన్సు దొరకడం లేదంటే ముందు ఫైర్‌వాల్లో 9999 తెరిచి ఉందేమో చూడాలి. ఇంకొకటి, చాలా మిల్లుల్లో కంప్యూటర్లకి యూపీఎస్ పెట్టి, లాన్ స్విచ్‌ని మామూలు ప్లగ్గుకే వదిలేస్తారు. కరెంటు పోగానే కంప్యూటర్లు వెలుగుతూనే ఉంటాయి, లాన్ చస్తుంది. స్విచ్, రౌటరు రెండూ అదే యూపీఎస్ మీదికి మార్చండి.

టీఎస్ఎస్ మీద అపోహలు ఎక్కువ. గడువు దాటితే టాలీ ఆగిపోదు, ఉన్న రిలీజు మీద ఎంతకాలమైనా పని చేసుకోవచ్చు. ఆగేవి కొత్త రిలీజులు, నెట్ మీద నడిచే సేవలు. టాలీ నుంచి నేరుగా ఈ-ఇన్వాయిస్ (ప్రభుత్వ పోర్టల్లో నమోదైన బిల్లు) తీయడం అందులోదే. 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్ల టర్నోవరు దాటినవాళ్లకి వ్యాపారుల మధ్య పన్ను పడే బిల్లులకి ఈ-ఇన్వాయిస్ తప్పనిసరి కాబట్టి, రోజుకి అలాంటివి పాతిక బిల్లులు కొట్టే హోల్‌సేలు డీలరుకి టీఎస్ఎస్ లేకుండా కుదరదు. బిల్లు వివరాల జేసాన్ ఫైలు తీసి ఆ పోర్టల్లో ఎక్కించుకునే దారి ఉంది, ఒకటీ అరా బిల్లులకే అది పనికొస్తుంది. ఆ పరిమితికి బాగా లోపలున్న చిన్న దుకాణాలు ఒక ఏడాది టీఎస్ఎస్ మానేసినా నష్టం లేదు. గోల్డ్‌కి టీఎస్ఎస్ ఏటా 13,500, మీద జీఎస్టీ.

డబ్బు కట్టాక కూడా అబౌట్‌లో పాత తేదీయే కనపడితే కంగారు పడకండి. ఎఫ్1, సెట్టింగ్స్, లైసెన్స్‌లో అప్‌డేట్ నొక్కితే కొత్త గడువు దిగుతుంది. ఈ ఒక్క మెట్టు మర్చిపోయి డీలరుతో గొడవపడేవాళ్లు చాలామంది.

అసలు ప్రమాదం ఇంకోచోట ఉంది. టీఎస్ఎస్ అయిపోయిన తరవాత వచ్చిన రిలీజుని ఎవరో ఉత్సాహంగా దింపి ఎక్కిస్తారు. అది ఎడ్యుకేషనల్‌లో తెరుచుకుంటుంది, డేటాని కొత్త రూపంలోకి మార్చమంటారా అని అడుగుతుంది, అవునంటారు. 3.0 రిలీజు దగ్గర ఇలాంటి మార్పిడే అవసరమైంది. మారిన డేటాని పాత రిలీజు తెరవలేదు, కొత్త రిలీజుకి లైసెన్సు లేదు. అప్పుడు పాత బ్యాకప్ ఉంటే బతికినట్టు, లేకపోతే టీఎస్ఎస్ కట్టాల్సిందే. రిలీజు మార్చేముందు అబౌట్‌లో గడువు చూడటం, బ్యాకప్ తీయడం, ఈ రెండూ అయ్యాకే ముందుకెళ్లండి. దాళ్వా (రబీ) ధాన్యం దిగుతున్న రోజుల్లో రిలీజు జోలికే పోవద్దు.

నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి పాత మిషన్ల బోర్డులు తొందరగా దెబ్బతింటాయి. మదర్‌బోర్డు మీది గుండ్రటి 3 వోల్టుల సీఆర్ 2032 సెల్ అయిపోతే, కరెంటు తీసి పెట్టిన ప్రతిసారీ తేదీ వెనక్కి వెళ్లిపోతుంది. తేదీ తప్పుగా ఉన్న మిషను ఇంటర్‌నెట్లో భద్రమైన సైట్లకి కలవదు, దాంతో యాక్టివేషను, అప్‌డేటు రెండూ ఫెయిలవుతాయి. నెట్‌ని అనుమానించేముందు స్క్రీను మూల తేదీ చూడండి. కొత్త సెల్ ఖరీదు తక్కువ, ఏ ఎలక్ట్రానిక్స్ కొట్లోనైనా దొరుకుతుంది.

క్రాక్ టాలీ అని పెన్‌డ్రైవులో అమ్మేదాని జోలికి పోకండి. దాంట్లో ఏం దూరి ఉందో అమ్మినవాడికే తెలీదు, మీ ఖాతాదార్ల బాకీల జాబితా మొత్తం దాని చేతిలో పెడుతున్నారు.

కంపెనీ సరిచేయాల్సింది ఒకటుంది. సరెండర్, రీయాక్టివేట్, అప్‌డేట్ అన్నీ ఒకే మెనూలో పక్కపక్కనే ఉంటాయి, ఏది ఎప్పుడో తెర మీద చెప్పదు. తెలుగులో రెండు వాక్యాల వివరం పెడితే మన గుమస్తాలకి సగం ఫోన్లు తగ్గుతాయి.

కొత్తగా కొంటుంటే డీలరుకి డబ్బు ఇచ్చేముందు అతని ఎదుటే ఇవి కావాలని అడగండి: మీ సంస్థ పేరు, జీఎస్టీ నంబరుతో బిల్లు, సీరియల్ నంబరు బిల్లు మీద రాసి ఉండాలి, అన్‌లాక్ కీ మీ ఫోనుకి వచ్చి, మీ చేత్తో కొట్టాలి, మీ మెయిలుతో పోర్టల్లోకి లాగిన్ అయి చూపించాలి. తరవాత పిలిస్తే వచ్చి ఒకసారి సరెండర్, రీయాక్టివేషను చేసిపెట్టడం ఆ ధరలో కలిసిందా, వేరే చార్జీ ఉందా అన్నది బిల్లు వెనక రాయించుకోండి.