ఘనా యాత్ర: కోటలతో ఆపేయకండి, అక్రాకి సమయం ఇవ్వండి

ఘనా టూర్ ప్యాకేజీలు ఎక్కువగా బానిసలను బంధించిన పాత కోటల చుట్టూ తిరుగుతాయి. అవి తప్పక చూడాల్సినవే. కానీ వలస పాలన నుంచి ఓటు దాకా ఆ దేశం ఎలా వచ్చిందో తెలుసుకోవాలంటే రాజధాని అక్రాలో కనీసం రెండు రోజులు ఉండాలి.

ముందు క్వామే ఎన్‌క్రుమా స్మారక పార్కు. ఒకప్పుడు తెల్లదొరలు పోలో ఆడిన మైదానం ఇది. 1957 మార్చి 6న ఎన్‌క్రుమా స్వాతంత్ర్యం ప్రకటించింది ఇక్కడే. ఆయన సమాధి, మ్యూజియం శ్రద్ధగా ఉంచారు. నేను ఎక్కువసేపు నిలబడిపోయింది మాత్రం తల లేని విగ్రహం దగ్గర. 1966 ఫిబ్రవరి 24న సైన్యం ఆయన్ని దించేసినప్పుడు ధ్వంసమైన విగ్రహమది. తలను విడిగా పక్కనే పెట్టారు. స్వాతంత్ర్యం తెచ్చిన నాయకుడే 1964లో దేశాన్ని ఏకపార్టీ రాజ్యంగా మార్చాడు. ఆ రెండు నిజాలనూ దాచకుండా చూపించడం నాకు చాలా నచ్చింది.

పార్కులో గైడ్ 1957 దాకా చక్కగా చెప్పి, తర్వాతి కథ గబగబా ముగించేశాడు. మిగతాది మా ట్యాక్సీ పెద్దాయన దగ్గర విన్నాను. 1979 జూన్‌లో సైనికాధికారి రాలింగ్స్ తిరుగుబాటు, ముగ్గురు మాజీ దేశాధినేతలను కాల్చి చంపడం, 1981 చివరి రోజున మళ్లీ అతనిదే తిరుగుబాటు, 1992లో కొత్త రాజ్యాంగం. 2000 ఎన్నికల్లో ప్రతిపక్ష నేత కుఫూర్ గెలిస్తే అప్పటి అధ్యక్షుడు రాలింగ్స్ గొడవ లేకుండా దిగిపోయాడని చెప్పేటప్పుడు ఆయన గొంతులో గర్వం వినిపించింది. ఆ తర్వాత కూడా అధికారం పార్టీల మధ్య ఓటుతోనే మారుతోంది.

బస అక్రాలోని ఓసు ప్రాంతంలో పెట్టుకోండి. తిండికి, ట్యాక్సీలకు ఇబ్బంది ఉండదు. నేను దిగిన గెస్ట్‌హౌస్‌లో గది శుభ్రమే గానీ, కరెంటు పోతే జనరేటర్ మోతకి నిద్ర పట్టలేదు. వెనక వైపు గది అడగడం మంచిది. అప్పట్లో బ్రిటిష్ గవర్నర్ ఉండే ఓసు కోటకి వెళ్లే దారిలోనే 1948 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పులు జరిగాయి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ కోసం పోరాడి వచ్చిన సైనికులు తమకు రావాల్సినవి అడగడానికి ఊరేగింపుగా వెళ్తే, ముగ్గురిని చంపేశారు. స్వాతంత్ర్య పోరాటం రాజుకుంది అక్కడే. అధ్యక్ష భవనం జూబిలీ హౌస్‌ను మాత్రం బయటి నుంచే చూశాను. అది భారత ప్రభుత్వ రుణంతో కట్టింది.

బానిసల కోట ఉన్న కేప్ కోస్ట్ ఊరికి ట్రోట్రో అనే షేర్ వ్యాన్ చవక, కానీ నిండితే తప్ప కదలదు. పెద్దవాళ్లు వెంట ఉంటే ఏసీ బస్సే నయం. అక్కడి కోటలో మగ బానిసలను కుక్కిన నేలమాళిగ మీదే చర్చి నడిపారు. 1877 దాకా బ్రిటిష్ పాలనకు కేంద్రం ఈ ఊరే. దగ్గర్లోని ఎల్మినా కోట ఇంకా పాతది, 1482లో పోర్చుగీసువాళ్లు కట్టారు. ఒక్కటే చూడగలిగితే నేను కేప్ కోస్ట్ అంటాను.

శాకాహారులు బొబ్బర్ల కూర, వేయించిన అరటిపండుతో ఇచ్చే రెడ్-రెడ్ అడగవచ్చు, చేప వేయొద్దని ముందే చెప్పాలి. ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ చేతి సంచిలోనే ఉంచుకోండి. తిరిగి మన దేశంలో దిగినప్పుడు కూడా అడుగుతారు.