మౌంటెన్ బైక్ కోచింగ్: నాకు గిట్టుబాటైంది బ్రేకుల క్లాసే

ఈ కోర్సు ఎలా ఉందని ఎవరడిగినా నేను ముందు చెప్పేది బ్రేకుల గురించే. మలుపుల్లో బండిని వాల్చడం, ముందు చక్రం లేపడం, రాతి గట్టు మీంచి దిగడం వంటివి కొన్ని వచ్చాయి, కొన్ని వచ్చినట్టే వచ్చి పోయాయి. బ్రేకు వేయడం మాత్రం మిగిలింది. నలభై దాటిన మనిషికి, అదీ చిన్నప్పుడు ట్యూషన్‌కీ కాలేజీకీ సైకిలు మీదే తిరిగినదానికి, బ్రేకు వేయడం నేర్పి రెండొందల డాలర్లకు పైగా తీసుకుంటారా అని మా ఆయన నవ్వారు. క్లాసు మొదటి గంటలో నేనూ లోపల అదే అనుకున్నాను.

మేముండేది అర్కాన్సాలోని బెంటన్‌విల్. వాల్‌మార్ట్ హెడ్డాఫీసు ఉన్న ఊరు కాబట్టి ఐటీలో ఉన్న తెలుగువాళ్ళకు పరిచయం అక్కర్లేదు. ఈ ఊరు తనను తాను ప్రపంచ మౌంటెన్ బైకింగ్ రాజధాని అని చెప్పుకుంటుందన్న సంగతి మాత్రం ఇక్కడ ఏళ్ళ తరబడి ఉంటున్న మనవాళ్ళలోనూ చాలామందికి పట్టదు. శామ్ వాల్టన్ మనవళ్ళు టామ్, స్టూవర్ట్‌లకు ఈ పిచ్చి ఉండటం, వాల్టన్ కుటుంబ ఫౌండేషన్ డబ్బు పెట్టడం మూలంగా ఊరి చుట్టూ అడవి దారులు అల్లుకుపోయాయి. స్లాటర్ పెన్ ట్రయిళ్ళు ఊరి నడిబొడ్డుకి దగ్గర్లోనే మొదలవుతాయి. కోలర్ అనే ఇంకో ట్రయిళ్ళ చోట అయితే అడవి మధ్యలో కాఫీ కొట్టు ఉంది, అక్కడికి నడిచో సైకిలు మీదో వెళ్ళాల్సిందే, కారు పోదు. మా అబ్బాయి స్కూలు పిల్లల లీగులో తొక్కుతాడు. వాణ్ణి దింపడానికి వెళ్ళి కారులో కూర్చోవడం విసుగొచ్చి నేనూ బండి కొన్నాను.

ఎక్కడం నాకు ఇబ్బంది కాదు. ఆయాసం వస్తే దిగి నడుస్తాను. దిగుడే టెన్షన్. మా చుట్టూ ఉన్న ఓజార్క్ కొండల నేలలో చెకుముకి రాళ్ళు ఎక్కువ. పదునైన పలుకులు దారంతా పరుచుకుని చక్రం కింద దొర్లుతుంటాయి. వాలు కనిపించగానే వెనక బ్రేకు బిగబట్టి కింది దాకా వదలకుండా దిగేదాన్ని. వెనక చక్రం ఆగిపోయి బర్రున జారుతూ వచ్చేది. కిందికి చేరేసరికి ముంజేతులు గట్టిపడిపోయి వేళ్ళు తెరుచుకునేవి కావు. మర్నాడు ఆఫీసులో మౌస్ పట్టుకుంటే నొప్పి. గ్రిప్పులు మార్చమని ఒకరు, ముందు షాక్ మంచిది వేయించమని ఇంకొకరు, అసలు ఈ వయసులో ఎందుకని మా అత్తగారు, తలా ఒక సలహా.

కోర్సు శని, ఆదివారాలు. ఆరుగురికి ఒక కోచ్. ఆవిడకి పీఎంబీఐఏ సర్టిఫికెట్ ఉంది. మౌంటెన్ బైక్ నేర్పేవాళ్ళకి ఒక కెనడా సంస్థ ఇచ్చేది అది, అమెరికాలోనూ చెల్లుతుంది. మొదటి పొద్దు ట్రయిల్ మొహం కూడా చూపించకుండా గడ్డి మైదానంలో నిలబెట్టారు. ఆవిడ అలెన్ కీ తీసి వరసగా అందరి బ్రేకు లీవర్లూ వదులు చేసి హ్యాండిల్ మధ్య వైపుకి జరిపారు. చూపుడు వేలు చాపితే లీవర్ కొసనున్న వంపులో పడాలట. తలుపును బందుల దగ్గర నెట్టడానికీ గడియ దగ్గర నెట్టడానికీ ఉన్న తేడాయే ఇదీ. కొసన నొక్కితే ఒక్క వేలి బలం చాలు, మిగతా మూడు వేళ్ళూ హ్యాండిల్‌ని పట్టుకుని ఉంటాయి. నా చేతులు చిన్నవి. లీవర్‌ను వేలికి దగ్గరగా తెచ్చే చిన్న మర ఒకటి ఉంటుందని ఆవిడ తిప్పి చూపించేదాకా నాకు తెలియదు. బండి కొన్నప్పటి నుంచీ అది అక్కడే ఉంది, అమ్మిన షాపులో ఎవరూ ఆ మాట అనలేదు.

తర్వాత ఒక కోన్ పెట్టి, అందరూ ఒకే వేగంతో వచ్చి అక్కడ బ్రేకు వేయమన్నారు. మొదట వెనకది మాత్రమే, తర్వాత ముందుది మాత్రమే, చివరికి రెండూ. వెనక బ్రేకుతో బండి కోన్ దాటి ఎక్కడికో జారిపోయింది. ముందుదానితో ఆపే వంతు వచ్చేసరికి నా వేలు కదల్లేదు.

సైకిలు నేర్పేటప్పుడు మా నాన్న చెప్పిన మొదటి మాట, "ముందు బ్రేకు ముట్టుకోకమ్మా, బోర్లా పడతావు." నా లేడీ బర్డ్‌కి ముందు బ్రేకు కేబుల్ తెగితే మళ్ళీ వేయించనే లేదు, అవసరం లేదన్నారు. మన ఇళ్ళల్లో ఈ మాట వినకుండా సైకిలు నేర్చుకున్నవాళ్ళు ఎంతమంది ఉంటారు? కోచ్‌కి ఈ కథ చెబితే ఆశ్చర్యపోలేదు, అమెరికా నాన్నలూ ఇదే చెబుతారట. నన్ను నడక వేగంతో రమ్మని, కొంచెం నొక్కి వదలమని, మళ్ళీ ఇంకొంచెం అని, అలా పెంచుకుంటూ పోయారు. మిగతావాళ్ళు నీళ్ళు తాగుతూ చూస్తున్నారు, సిగ్గేసింది. చివరికి సరైన వేగంతో వచ్చి ముందు బ్రేకు ఒక్కదానితో ఆపితే, ఇందాక వెనకదానితో పోయిన దూరంలో సగం కూడా రాలేదు.

బ్రేకు పడగానే బరువు ముందుకి వస్తుంది. దాంతో ముందు టైరు నేలకు అదిమిపెట్టుకుని పట్టు పెంచుకుంటుంది. వెనక టైరు తేలికైపోయి ఊరికే బిగుసుకుని జారుతుంది. అంటే ఇన్నాళ్ళూ నేను నమ్ముకున్నది రెండింటిలో బలహీనమైనదాన్ని. నాన్న మాటా ఉత్తదేం కాదు. సీటు మీద నిటారుగా కూర్చుని ముందు బ్రేకు టక్కున నొక్కితే హ్యాండిల్ మీంచి వెళ్ళిపోతాం. సీటు దించుకుని, పెడళ్ళు సమంగా ఉంచి, మడమలు కిందికి వేసి, తుంటిని వెనక్కీ కిందికీ తీసుకుని, నొక్కుడు మెల్లగా మొదలెట్టి పెంచుకుంటూ పోతే బండి నేలను కరుచుకుని ఆగుతుంది.

ఇందులో మనవాళ్ళకు ప్రత్యేకంగా ఒక తిరకాసు ఉంది. ఇండియాలో సైకిలైనా స్కూటీ అయినా ముందు బ్రేకు కుడిచేతికి ఉంటుంది. అమెరికాలో అమ్మే సైకిళ్ళకు ఎడమచేతికి. బుర్రకు తెలిసినా ఏళ్ళ తరబడి స్కూటీ నడిపిన చెయ్యి వినదు. కావాలంటే షాపులో బ్రేకు గొట్టాలు అటూ ఇటూ మార్పించుకోవచ్చని కోచ్ చెప్పారు. అబ్బాయి బండీ, అద్దె బండ్లూ అన్నీ ఇక్కడి పద్ధతిలోనే ఉంటాయి కదా, చేతికే అలవాటు చేస్తానన్నాను.

మధ్యాహ్నం కోలర్‌కి తీసుకెళ్ళారు. అక్కడ ఆవిడ చెప్పింది ఒక్కటే: "మలుపుకి ముందే వేగం తగ్గించుకో, మలుపు తిరిగేటప్పుడు వదిలెయ్." టైరుకున్న పట్టు అంతా బ్రేకుకే ఖర్చయిపోతే తిరగడానికి మిగలదు. వినడానికి తేలిక. రాళ్ళ మధ్య మలుపులో బ్రేకు వదలమంటే ప్రాణం ఒప్పుకోదు. ఒప్పుకున్న మొదటిసారి బండి తనంతట తనే లోపలి గీత పట్టుకుని తిరిగింది, నేను పైకే నవ్వేశాను.

అది జరిగి ఏడాది దాటింది. ముంజేతుల నొప్పి పోయింది. ఇప్పుడు వాలు పొడవునా బ్రేకు పట్టుకోను, పట్టు దొరికే చోట గట్టిగా వేసి, రాళ్ళ మీద వదిలేస్తాను. వదిలిన ఆ కాసేపే చేతికి విశ్రాంతి. నేను నమ్మిన సాక్ష్యం వేరే ఉంది: ఇంతకు ముందు సర్వీసుకి ఇచ్చిన ప్రతిసారీ వెనక బ్రేకు ప్యాడ్లు అరిగిపోయి, ముందువి కొత్తగా ఉండేవి. ఈసారి మెకానిక్ రెండు జతలూ బల్ల మీద పెట్టి, ముందువే ఎక్కువ అరిగాయన్నాడు. స్లాటర్ పెన్‌లో మా అబ్బాయి కింద ఆగి నాకోసం ఎదురుచూడటం అలవాటు. మొన్న వెనక్కి తిరిగి, "అమ్మా, నువ్వు నా వెనకే ఉన్నావా?" అన్నాడు. వాడు ఆ రోజు నెమ్మదిగా తొక్కాడేమో, అడగలేదు.

కోర్సు కాగానే మా ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో "కళ్ళు మూసుకుని చేరండి" అని రాశాను. ఇప్పుడైతే ఆ వాక్యం అలా రాయను. రెండో రోజు హడావుడి. ఆరుగురిలో ఇద్దరు అప్పటికే దూకుళ్ళు వచ్చినవాళ్ళు, ఒకావిడ నాకన్నా కొత్త. కోచ్ సమయమంతా ఆ రెండు కొసల మధ్యే గడిచింది. ముందు చక్రం లేపడం మైదానంలో వచ్చింది, ట్రయిల్ మీద దుంగ ఎదురైతే ఇప్పటికీ దిగి దాటిస్తాను. స్లో మోషన్‌లో వీడియోలు తీసి పంపారు. చూసుకోవడానికి బాగుంటాయి, వాటి వల్ల నేను మార్చుకున్నది ఏమీ లేదు.

అసలు లోటు వేరు. ఆ రెండు రోజులూ ఎండ, నేల పొడి. నవంబరులో వాన పడ్డాక ఓక్ ఆకుల కింద రాయి ఉందో వేరు ఉందో తెలియదు, అక్కడ ముందు బ్రేకుకి అదే ధైర్యం చూపిస్తే ముందు చక్రం పక్కకి వెళ్ళిపోతుంది. నాకు వెళ్ళిపోయింది. మోచేతి ప్యాడ్ ఉంది కాబట్టి గీతలతో సరిపోయింది. తడిలో ఎంత నొక్కాలి, వేరు మీద అసలు నొక్కకూడదన్న సంగతి కోర్సులో ఒక్క ముక్క వచ్చినా బాగుండేది. ఇక్కడ ఏటా కొన్ని నెలలు నేల అలాగే ఉంటుంది మరి.

ఇంకొకటి హైదరాబాద్ వెళ్ళినప్పుడు తెలిసింది. మా తమ్ముడు వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో తొక్కుతుంటాడు, మూసీ పుట్టే చోటు. వాడి స్నేహితుడి బండి ఇచ్చాడు. ఎర్రమట్టి దారిలో మొదటి వాలుకే నా ఎడమ వేలు నేర్చుకున్నంత ధీమాగా నొక్కింది. అక్కడ ఎడమది వెనక బ్రేకు! చక్రం ఆగిపోయి దుమ్ము లేపుకుంటూ అడ్డంగా జారాను. తమ్ముడు ఆగి, "అక్కా, డాలర్లు పోసి నేర్చుకున్నది ఇదేనా?" అన్నాడు. పడలేదు, పక్క పొదలోకి వెళ్ళి ఆగాను. తిరకాసు ఇటు నుంచి వచ్చింది కాబట్టి సరిపోయింది. అక్కడి అలవాటుతో ఇక్కడికొచ్చి తెలియక ముందుది గట్టిగా నొక్కేవాళ్ళ సంగతి వేరేగా ఉంటుంది. కొండ కింద చదును చోట కాసేపు కోన్ బదులు చెప్పు పెట్టి, ఒక్కో బ్రేకుతో ఆపడం మళ్ళీ మొదటి నుంచీ చేశాను. మధ్యాహ్నానికి చెయ్యి కుదురుకుంది, పూర్తిగా నమ్మలేదు. కొత్త బండి ఎక్కితే ముందు రెండు లీవర్లూ విడివిడిగా నొక్కి, బండిని ముందుకు నెట్టి చూడటం ఇప్పుడు నా పద్ధతి.

చేరాలా వద్దా అంటే, నాకు ట్రయిల్ ఇంటికి అయిదు నిమిషాల దూరం. సోమవారం నుంచే సాధన చేసుకోగలిగాను, అందుకే అంటుకుంది. నెలకోసారి తొక్కేవాళ్ళకి రెండు రోజుల కోర్సు డబ్బు దండగ అనిపించవచ్చు. చలికాలం విరామం తర్వాత నాక్కూడా ఫిబ్రవరిలో వేళ్ళు మళ్ళీ పాత దారి పట్టాయి. మీ వయసు ముప్ఫై లోపల ఉండి, పడితే లేచి నవ్వే రకమైతే మీకు కావలసినవి వేరే ఉంటాయి, ఈ సమీక్ష మీకు పనికిరాకపోవచ్చు. హైదరాబాద్‌లోనో వైజాగ్‌లోనో ఉండి కోచ్ దొరక్కపోతే, అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో లీవర్లు సరిచేసుకుని, హెల్మెట్ పెట్టుకుని ఆ మూడు రకాల ఆపడం నడక వేగం నుంచి మొదలెట్టండి. నేను పొందినదాంట్లో పెద్ద భాగం అదే.

ఇప్పుడైతే నేను గ్రూపు కోర్సు బదులు ఒక పూట విడి క్లాసు తీసుకుంటాను. గంటకు ఖర్చు ఎక్కువే, కానీ కోచ్ సమయం ఇద్దరు దూకుడు వీరులతో పంచుకోనక్కర్లేదు. రెండో లెవెల్‌కి రమ్మని మెయిళ్ళు వస్తున్నాయి, అదంతా గాల్లోకి లేచే వ్యవహారం. మా అబ్బాయి వెళ్తానంటున్నాడు. వాన పడ్డ మర్నాడు క్లాసు పెడతామంటే నేనూ కడతాను.