కోయిట (కువైట్) నుంచి తెచ్చిన నెంబర్ ప్లేట్లంటూ అమ్ముతున్నారు, డబ్బు పంపే ముందు టేపు పెట్టి కొలవండి

కడప, రాయచోటి, ప్రొద్దుటూరు చుట్టుపక్కల విదేశీ నెంబర్ ప్లేట్లు సేకరించేవాళ్లకు ఈ హెచ్చరిక. "మా బావ కోయిటలో డ్రైవరు, వచ్చేటప్పుడు తెచ్చినాడు" అని చెప్పి సౌదీ, దుబాయ్, జర్మనీ, అమెరికా ప్లేట్లను సెట్టుగా అమ్ముతున్నారు. మనలో సేకరించేవాళ్లు కొందరికి చేరిన ఆ సెట్టులో ఒక్కటీ అసలుది కాదు. అన్నీ రేడియం అంగట్లో కొట్టించినవే. డబ్బు వెనక్కి అడిగితే ఫోన్ ఎత్తడం లేదు.

ఈ పక్క ఏ ఊరికి పోయినా గల్ఫ్‌లో పనిచేసే మనిషి ఉంటాడు కాబట్టి ఆ మాట ఇట్టే నమ్మేస్తాం. కానీ అక్కడ బండి రిజిస్ట్రేషన్ రద్దు చేయించేటప్పుడు మామూలుగా ప్లేట్లు అప్పజెప్పాల్సి ఉంటుంది. అసలైనవి బయటికి రావడమే తక్కువ. ఒకే మనిషి జతలు జతలుగా అమ్ముతున్నాడంటే అక్కడే ఆగిపోవాలి.

మొదట కొలత. జర్మనీ పొడుగు ప్లేటు 520 × 110 మి.మీ. మన హై సెక్యూరిటీ ప్లేటు 500 × 120. ఆ సెట్టులోని "జర్మనీ" ప్లేటు సరిగ్గా 500 × 120 ఉంది, అంటే మన దగ్గర దొరికే ఖాళీ రేకు మీదే అచ్చు వేశారు. అమెరికాది 12 × 6 అంగుళాలు, 1950ల చివరి నుంచి ఇదే కొలత. జపాన్ కారు ప్లేటు 330 × 165 మి.మీ. రెండు మూడు మిల్లీమీటర్ల తేడాను పట్టించుకోనక్కర్లేదు, పది తేడా వస్తే వదిలేయండి.

సౌదీ ప్లేటును పట్టుకోవడం ఇంకా తేలిక. దాని మీద అరబిక్ అక్షరాలు 17 మాత్రమే వాడతారు, ఒక్కోదానికి ఒక ఇంగ్లీషు అక్షరం ఖాయం చేసి ఉంది. ఆ జతలన్నీ ఉచ్చారణను బట్టి పెట్టినవి కావు. 'మ' అని పలికే మీమ్‌కు జెడ్, ఐన్‌కు ఇ, సాద్‌కు ఎక్స్ వస్తుంది. నకిలీ చేసేవాడు మీమ్ కింద ఎం పెడతాడు. సౌదీ ప్లేటు మీద ఎం అనే అక్షరమే ఉండదు. అంకెలు కూడా చూడండి: అరబిక్‌లో గుండ్రంగా మన సున్నాలా కనిపించేది అయిదు, అసలు సున్నా ఒక చుక్క. ఆ సెట్టులో ఇంగ్లీషు సున్నాకు ఎదురుగా గుండ్రం కొట్టి ఉంది. అరబిక్ తెలిసినవాళ్లు మన ఊళ్లలో ఎంతోమంది ఉన్నారు, ఫోటో ఒకసారి వాళ్లకు చూపించండి.

జర్మనీ ప్లేటుకు గుండ్రటి ప్రభుత్వ ముద్ర స్టిక్కర్ ఉంటుంది. వాడకం ముగిసి, రద్దయిన ప్లేటు మీద దాన్ని గీకి పాడు చేస్తారు. ముద్ర చెక్కుచెదరకుండా ఉందంటే అది నకిలీ అయినా కావాలి, ఏదో బండి నుంచి ఊడదీసినదైనా కావాలి, రెండూ మనకొద్దు. ముద్ర అంటించిన ఆనవాలే లేకపోతే అది రోడ్డెక్కిన ప్లేటు కాదు.

పాతదనం తెప్పించడానికి ఉప్పు కాగితంతో రుద్ది, ఎర్ర రంగు పూస్తున్నారు. అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకోకపోతే అల్యూమినియం, దానికి ఎర్ర తుప్పు పట్టదు. బోల్టు చుట్టూ మరక ఉండొచ్చు, అది బోల్టుది. నిజంగా బండికి తిరిగిన ప్లేటుకు రంధ్రాల చుట్టూ వాషర్ నొక్కిన వలయం ఉంటుంది, ఆ వలయం లోపల రంగు తాజాగా ఉంటుంది. గీతలు అన్నీ ఒకే వాటంగా, వాషర్ ఉండాల్సిన చోట కూడా సాగిపోతే చేత్తో గీసినవే. వెనక వైపు అక్షరాల గుంతల్లో మట్టి పేరుకుని ఉండాలి. అక్కడ తళతళలాడితే కొత్త రేకే.

చీకట్లో టార్చిని కంటి పక్కన పెట్టుకుని పదడుగుల దూరం నుంచి వేస్తే రిఫ్లెక్టివ్ షీట్ వెలుగును తిరిగి మీ కంటికే పంపుతుంది. మామూలుగా ప్రింటు తీసిన స్టిక్కర్ మసగ్గానే కనిపిస్తుంది. పాత పెయింటు ప్లేట్లకు ఈ పరీక్ష పనికిరాదు. అక్షరాలు ఉబ్బి లేవని మాత్రం ప్లేటును తోసెయ్యకండి, అమెరికాలో చాలా రాష్ట్రాలు ఇప్పుడు చదునుగానే ప్రింటు చేస్తున్నాయి.

ధర పెంచడానికి దుబాయ్ వేలం కథ చెబుతారు. 2023లో 'పి 7' నెంబరు 5.5 కోట్ల దిర్హామ్‌లకు పోయిన మాట నిజమే. ఆ డబ్బు నెంబరు హక్కుకు పెట్టినది, రేకుకు కాదు. బ్రిటన్ ప్లేటుకు కూడా ఎక్కువ పెట్టకండి. అక్కడ వాటిని చేసేది ప్రభుత్వం కాదు, నమోదైన షాపులు. ఎక్కువగా ప్లాస్టిక్‌వే వస్తాయి.

కొనే ముందు ముందు వైపు, వెనక వైపు, టేపు పెట్టిన ఫోటో, టార్చి వీడియో అడగండి. వెనక వైపు ఫోటో ఇవ్వనంటే బేరం మానుకోండి. "పార్సిల్ కస్టమ్స్‌లో ఆగింది, ఇంకో రెండు వేలు కొట్టండి" అనేది రెండో విడత మోసం. విదేశం నుంచి పోస్టులో వచ్చే పార్సిల్‌కు సుంకం పడితే, అందించేటప్పుడు రసీదు ఇచ్చి వసూలు చేస్తారు, ఎవరి సొంత ఫోన్‌పే నెంబరుకో కాదు.

ఇప్పటికే డబ్బు పోయినవాళ్లు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నెంబరు 1930కి ఫోన్ చేయండి. లావాదేవీ నెంబరు, చాటింగ్ స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకోండి. కవరు మీద పంపినవారి చిరునామా, కొరియర్ నెంబరు ఉంటాయి కాబట్టి ఆ కవరును, నకిలీ ప్లేట్లను పారేయకండి.