పలకరాళ్ల ఊరు బ్లైనై ఫెస్టినియోగ్

ఉత్తర వేల్స్‌లోని బ్లైనై ఫెస్టినియోగ్‌కు పోర్త్‌మాడోగ్ రేవు నుంచి చిన్న రైలులో వెళ్లడమే మేలు. 1836లో మొదలైన ఈ మార్గంలో తొలినాళ్లలో పలకరాయి నింపిన బండ్లు వాలు మీద వాటంతటవే రేవుకు దిగేవి. ఖాళీ బండ్లను తిరిగి పైకి లాగవలసిన గుర్రాలు సైతం దిగేటప్పుడు తమకోసం కేటాయించిన బండిలో నిలబడి దర్జాగా ప్రయాణించేవి.

ఊరి చుట్టూ రాతి వ్యర్థాల గుట్టలున్నాయనే 1951లో స్నోడోనియా జాతీయ ఉద్యానం నుంచి దీనిని మినహాయించారు. ఆ గుట్టలున్న ప్రాంతమే 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. వాన కురిసినప్పుడు అవి ఊదా రంగులో మెరుస్తాయి. నాకైతే ఉద్యానం కంటే అవే నచ్చాయి.

లెఖ్వెద్ గని సందర్శన ఈ యాత్రకు ప్రాణం. నిటారైన పట్టాల మీద భూగర్భానికి దిగాక, కొవ్వొత్తి వెలుగులో, తొడకు గొలుసు చుట్టుకుని రాతిగోడకు వేలాడుతూ పనిచేసిన కార్మికుల జీవితం కళ్లకు కడుతుంది. భోజన విరామంలో వారు కాబన్ అనే గదిలో చేరి రాజకీయాలు చర్చించేవారట, పద్యాలు చదివేవారట. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దిన నాకు ఆ రాయి కొత్తగా అనిపించలేదు.

వీధుల్లో వినిపించేది ఎక్కువగా వెల్ష్ భాషే. "దియోల్ఖ్" అని కృతజ్ఞత చెబితే ముఖాలు విచ్చుకుంటాయి. భోజనం విషయంలో మాత్రం నిరాశే మిగిలింది: మేము నమ్ముకున్న ఫలహారశాల మధ్యాహ్నం మూడింటికే తలుపులు మూసేసింది. గనిలో చలి ఎక్కువ, వేసవిలోనైనా స్వెట్టర్ తప్పనిసరి.