ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ అందకపోతే: హార్డ్ మౌంటా, సాఫ్ట్ మౌంటా?

గుంటూరు అరండల్‌పేటలో మా ఆఫీసు. నెట్‌వర్క్‌లో వేరే పెట్టెలో ఉన్న ఫైళ్లను మన కంప్యూటర్లోవే అన్నట్టు వాడుకునే పద్ధతి ఎన్‌ఎఫ్‌ఎస్; ఆ ఫోల్డర్‌ను మన కంప్యూటర్‌కు తగిలించడం మౌంట్. కరెంటు పోయి స్టోరేజీ పెట్టె (మా సర్వర్) ఆగిపోయిన ప్రతిసారీ ఇదే ప్రశ్న.

హార్డ్: సర్వర్ తిరిగొచ్చేదాకా అడుగుతూనే ఉంటుంది. లినక్స్‌లో మామూలుగా ఉండేది ఇదే.
సాఫ్ట్: కొన్నిసార్లు అడిగి, ప్రోగ్రాంకు ఎర్రర్ ఇచ్చేస్తుంది. టీసీపీలో (నెట్‌వర్క్‌లో డేటా పంపే ఒక పద్ధతి) ఒక్కో ఎదురుచూపు 60 సెకన్లతో మొదలవుతుంది.

ఖర్చు రెండింటికీ ఒకటే, మౌంట్ లైన్‌లో ఒక్క మాట తేడా.

హార్డ్‌తో ఇబ్బంది: ఫోల్డర్ తెరిచినా స్క్రీన్ బిగుసుకుపోతుంది. టెన్షన్ నిజమే, కానీ డేటా పోదు. 2.6.25 కెర్నల్ (లినక్స్ మూల భాగం) నుంచి, వేలాడుతున్న ప్రోగ్రాంను కిల్ సిగ్నల్‌తో ఆపొచ్చు.

సాఫ్ట్‌తో అసలు భయం వేరు. రాసినది మొదట మెమరీలోకి వెళ్తుంది, ప్రోగ్రాం 'సేవ్ అయింది' అనుకుంటుంది. సర్వర్‌కు పంపేటప్పుడు టైమౌట్ అయితే ఆ ఎర్రర్ ఫైల్ మూసేటప్పుడో, సింక్ (మెమరీలో ఉన్నది సర్వర్‌కు పంపించడం) చేసేటప్పుడో వస్తుంది. చాలా ప్రోగ్రాంలు దాన్ని చూడవు. సగం రాసిన లెక్కల ఫైలు మిగులుతుంది, వారం తర్వాతగానీ తెలియదు. నాకు ఇది క్షమించరాని తప్పు.

డేటా విడి పరికరాల్లో ఉండే ఎన్‌ఎఫ్‌ఎస్ రకం, పీఎన్‌ఎఫ్‌ఎస్‌లో ఇంకో దారి ఉంది: అందని పరికరాన్ని లినక్స్ క్లయింట్ 120 సెకన్లు పక్కనపెట్టి, మెటాడేటా సర్వర్ (ఏ ఫైలు ఎక్కడుందో చూసుకునే సర్వర్) ద్వారా పని నడిపించగలదు.

బిల్లులు, డేటాబేస్, హోమ్ ఫోల్డర్లు అయితే హార్డే. చదవడానికి మాత్రమే వాడే ఫొటోలకు, ఇన్‌స్టాలర్లకు సాఫ్ట్ చాలు.